ఆఫీసులో అందరూ వాడే కంప్యూటర్లకు రిమోట్ డెస్క్‌టాప్: ఎవరికి ఇవ్వాలి, ఎంతవరకు ఇవ్వాలి?

నక్కలగుట్ట లెక్కలు (సోమవారం, రాత్రి 9.10)

హన్మకొండలో మాది జీఎస్టీ, ఆదాయపు పన్ను పనులు చూసే చిన్న ఆఫీసు. కంప్యూటర్ల కంటే మనుషులం ఎక్కువ కాబట్టి ఎవరికీ సొంత సీటంటూ లేదు. ఏది ఖాళీగా ఉంటే దాని ముందు కూర్చుంటాం. లెక్కలు రాసుకునే ట్యాలీ సాఫ్ట్‌వేర్ డేటా అంతా ఒక కంప్యూటర్‌లో ఉంటుంది, మిగతావి లాన్ (ఆఫీసు లోపలి నెట్‌వర్క్) ద్వారా దాన్ని వాడుకుంటాయి. మా క్లయింట్లలో చాలామంది ఎనుమాముల మార్కెట్ అడ్తిదారులు, పత్తి వ్యాపారులు. నెలనెలా 11న జీఎస్టీఆర్-1 రిటర్నుకు, 20న 3బీ రిటర్నుకు గడువు ఉంటుంది కాబట్టి, అవి దసరా సెలవుల్లో పడ్డా, మేడారం జాతరకు ములుగు రోడ్డు కిక్కిరిసి సగం మంది ఆఫీసుకు రాలేకపోయినా పని ఆగకూడదని ఇంటి నుంచే ఆఫీసు కంప్యూటర్‌ను నడిపించే ఎనీడెస్క్ సాఫ్ట్‌వేర్‌ను అన్ని కంప్యూటర్లలో పెట్టించాం.

పెట్టినవారు అన్నింటికీ ఒకే పాస్‌వర్డ్ ఇచ్చి వెళ్లారు. ఇటు పక్క మనిషి లేకపోయినా ఆ పాస్‌వర్డ్ కొడితే చాలు, కంప్యూటర్ తెరుచుకుంటుంది. అది మా సిబ్బందికి తెలుసు, పని మానేసి వెళ్లినవారికీ తెలుసు, మాకు సాఫ్ట్‌వేర్ సర్వీసు చేసే సంస్థకూ తెలుసు. మొన్న శనివారం పొద్దున ఆఫీసు తెరిచిన అమ్మాయి ట్యాలీ కంప్యూటర్ మానిటర్ ఆన్ చేయగానే, ఎవరిదో లెడ్జర్ తెరిచి ఉండటం, మౌస్ బాణం దానంతట అదే కదలడం చూసింది. ఆమె మమ్మల్ని పిలిచేలోపు కనెక్షన్ తెగిపోయింది. ఎవరిని అడిగినా తాము కాదంటున్నారు. ఎనీడెస్క్‌ను మొత్తంగా తీసేయడమే మంచిదా, లేక జాగ్రత్తగా వాడుకునే దారి ఏదైనా ఉందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

కాజీపేట నెట్‌వర్క్ (సోమవారం, రాత్రి 9.45)

తీసేయాలా వద్దా అన్నది రేపు ఆలోచిద్దాం. ఇప్పుడే తీసేస్తే మాత్రం ఎవరు వచ్చారో తెలిపే ఆధారం కూడా దానితోపాటే పోవచ్చు. ముందు సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌డేటా అనే ఫోల్డర్ తెరవండి (అది దాచి ఉంటుంది, వ్యూ మెనూలో హిడెన్ ఐటెమ్స్ టిక్ పెడితేనే కనిపిస్తుంది), అందులోని ఎనీడెస్క్ ఫోల్డర్‌ను అలాగే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. దానిలో కనెక్షన్ ట్రేస్ అనే చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటుంది. బయటి నుంచి వచ్చిన ప్రతి కనెక్షన్‌కు ఒక వరుస చొప్పున తేదీ, సమయం, వచ్చిన కంప్యూటర్ ఎనీడెస్క్ నంబరు, ఎలా లోపలికి వచ్చారన్న వివరం అందులో రాసి ఉంటాయి.

ఆ చివరి వివరమే మీకు కావలసింది. యూజర్ అని ఉంటే మీ ఆఫీసులో ఎవరో యాక్సెప్ట్ నొక్కి రానిచ్చారని అర్థం. పాస్‌డబ్ల్యూడీ అని ఉంటే పాస్‌వర్డ్ కొట్టి వచ్చారు. టోకెన్ అని ఉంటే ఇదివరకు ఎప్పుడో పాస్‌వర్డ్ కొట్టినప్పుడు, ఇకపై అడగకుండా లాగిన్ చేయమని టిక్ పెట్టుకున్న కంప్యూటర్ నుంచి వచ్చారు.

కాపీ అయ్యాక ప్రతి కంప్యూటర్‌లోనూ సెక్యూరిటీ సెట్టింగ్స్‌కు వెళ్లి పాస్‌వర్డ్ మార్చండి, దాని దగ్గరే ఉన్న క్లియర్ ఆల్ టోకెన్స్ కూడా నొక్కండి. పాత టిక్కుల సంగతి అప్పుడుగానీ తేలదు.

పాత విండోస్ (సోమవారం, రాత్రి 10.20)

నా మాట కటువుగా ఉన్నా మన్నించండి. ఇలాంటి సాఫ్ట్‌వేర్లను ఆఫీసు గడప దాటనివ్వకూడదు. ఎనీడెస్క్ తయారుచేసిన సంస్థే, తమ సర్వర్లలోకి దుండగులు చొరబడ్డారని 2024 ఫిబ్రవరి 2న ప్రకటించి, తమ సెక్యూరిటీ సర్టిఫికెట్లను రద్దు చేసుకుని, వెబ్ పోర్టల్ పాస్‌వర్డ్‌లన్నింటినీ మార్పించింది. అదే ఏడాది జూన్‌లో అలాంటి సాఫ్ట్‌వేరే చేసే టీమ్‌వ్యూయర్ సంస్థ కూడా తమ అంతర్గత కార్పొరేట్ నెట్‌వర్క్‌లోకి ఒక ఉద్యోగి అకౌంట్ ద్వారా చొరబాటు జరిగిందని చెప్పుకుంది, అయితే కస్టమర్ల డేటాకు ఇబ్బంది లేదని తెలిపింది. మన తాళంచెవులను పరాయి దేశపు సర్వర్ల దగ్గర పెట్టడం ఎందుకు? విండోస్‌లోనే రిమోట్ డెస్క్‌టాప్ ఉంది. రౌటర్‌లో పోర్టు (బయటి కనెక్షన్ లోపలికి వచ్చే ద్వారం) తెరిచి అదే వాడుకోమని నా సలహా.

కాజీపేట నెట్‌వర్క్ (సోమవారం, రాత్రి 10.50)

పెద్దలు మీరు చెప్పిన రెండు సంఘటనలూ నిజమే, కానీ చివరి వాక్యాన్ని మాత్రం ఎవరూ పాటించవద్దని మనవి. రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచి పెడితే, మీ చిరునామా ఎవరికీ చెప్పనవసరం లేదు, ప్రపంచంలోని పోర్టులన్నీ తడుముతూ తిరిగే యంత్రాలే దాన్ని వెతికి పట్టుకుంటాయి. రాత్రంతా అడ్మినిస్ట్రేటర్ అన్న పేరు మీద పాస్‌వర్డ్‌లు కొడుతూనే ఉంటాయి. ఈవెంట్ వ్యూయర్‌లోని సెక్యూరిటీ లాగ్‌లో 4625 నంబరు (విఫలమైన లాగిన్) వరుసలు వేలాదిగా పేరుకుంటే అర్థం అదే. 2019 మేలో బయటపడిన బ్లూకీప్ అనే రిమోట్ డెస్క్‌టాప్ లోపానికైతే పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు. దాని తీవ్రతను చూసి, అప్పటికే మద్దతు ఆపేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా ప్యాచ్ ఇవ్వవలసి వచ్చింది. పోర్టు నంబరు మార్చితే సరిపోతుందన్నది భ్రమ, కొద్ది ఆలస్యంగా దొరుకుతుంది, అంతే.

విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ చెడ్డదని నేను అనడం లేదు. వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా మనవాళ్లకే తెరుచుకునే రహస్య దారి) లోపల నడిపితే చాలా మంచిది. వైర్‌గార్డ్‌గానీ ఓపెన్ వీపీఎన్‌గానీ పెట్టుకోవచ్చు. మన దగ్గర చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగల చిరునామా) ఉండదు కాబట్టి, అలాంటి చోట టెయిల్‌స్కేల్ వంటివి సులువుగా పనిచేస్తాయి. విండోస్ హోమ్ ఎడిషన్‌లోకి బయటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో రాలేమని, ప్రో ఉండాలని ముందే గుర్తుపెట్టుకోండి.

ఇంకో మంచి గుణం ఉంది. దానితో లోపలికి వెళితే ఆఫీసులోని మానిటర్ లాక్ అయిపోతుంది. ఎనీడెస్క్‌లో ప్రైవసీ మోడ్ పెట్టకపోతే, ఇంటి దగ్గర కూర్చుని మీరు తెరిచిన క్లయింటు బ్యాంకు స్టేట్‌మెంట్ ఆఫీసులో ఆ మానిటర్ ముందు నుంచి పోయేవారందరికీ కనిపిస్తుంది.

నక్కలగుట్ట లెక్కలు (మంగళవారం, ఉదయం 11.30)

కాజీపేట గారు చెప్పినట్టే ఫోల్డర్ కాపీ చేసి, పాస్‌వర్డ్‌లు మార్చి, టోకెన్లు తీసేశాం. ఇప్పుడు కొత్త భయం పట్టుకుంది. అదే ఫోల్డర్‌లో ఏడీ ఎస్‌వీసీ ట్రేస్ అనే పెద్ద ఫైలు తెరిచి చూస్తే, శనివారం తెల్లవారుజామున 3.50కి ఒకరు లోపలికి వచ్చినట్టు ఉంది. ఆ సమయంలో మా ఆఫీసుకు తాళం వేసి ఉంది, మా వాళ్లెవరూ పని చేయడం లేదు. పొద్దున కనిపించినది ఒకటి, రాత్రి వచ్చింది వేరొకటి అనుకోవాలా? పోలీసులకు చెప్పాలా?

కాజీపేట నెట్‌వర్క్ (మంగళవారం, ఉదయం 11.42)

కంగారు పడకండి. ఆ ట్రేస్ ఫైలులో సమయాలు యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ప్రకారం రాసి ఉంటాయి, మన సమయం కావాలంటే 5 గంటల 30 నిమిషాలు కలపాలి. 3.50 అంటే మనకు 9.20. మీ అమ్మాయి ఆఫీసు తెరిచింది ఆ వేళకేనేమో కనుక్కోండి. తర్వాత ఆ వరుసలోని నంబరును మీ సిబ్బంది ఇళ్లలోని కంప్యూటర్ల నంబర్లతో పోల్చి చూడండి.

నక్కలగుట్ట లెక్కలు (మంగళవారం, సాయంత్రం 6.05)

ధన్యవాదాలు. ఆఫీసు తెరిచింది 9.15 దాటాకే, అంటే రెండూ ఒకటే. ఆ నంబరు మా వాళ్లెవరిదీ కాదు. పాస్‌వర్డ్ కొట్టి వచ్చినట్టు ఉంది. మాకు సర్వీసు చేసే సంస్థకు ఫోన్ చేసి నంబరు చదివితే, అది తమ ఆఫీసులోని కంప్యూటరేనని ఒప్పుకున్నారు. వేరే కస్టమరుకు అప్‌డేట్ చేయవలసి ఉండగా జాబితాలో పొరపాటున మా పేరు నొక్కారట. వాళ్లు కస్టమర్లందరికీ ఒకే పాస్‌వర్డ్ పెడతారు కాబట్టి ఎవరి కంప్యూటర్ అయినా అలాగే తెరుచుకుంటుందని అప్పుడు తెలిసింది. మీలో ఎవరు నొక్కారని అడిగితే, ఆ కంప్యూటర్‌ను నలుగురైదుగురు వాడతారు, ఎవరో చెప్పలేమన్నారు.

కరీంనగర్ ల్యాబ్ (మంగళవారం, రాత్రి 8.15)

మీ చివరి వాక్యంలోనే అసలు సమస్య ఉందని నాకు అనిపిస్తుంది. ఎనీడెస్క్ నంబరు ఒక కంప్యూటర్‌ను చూపిస్తుంది, మనిషిని చూపించదు. అటు వైపు కంప్యూటర్‌నూ అందరూ వాడి, ఇటు వైపు కంప్యూటర్‌నూ అందరూ వాడితే, మధ్యలో ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ పెట్టినా జరిగినదానికి జవాబుదారీ ఎవరూ దొరకరు. అందుకని ఏ సాఫ్ట్‌వేర్ అన్నదాని కంటే, లోపలికి వచ్చే ప్రతి ఒక్కరికీ వేర్వేరు ప్రవేశం ఉందా లేదా అన్నదే ముందు చూడాలి.

నేను ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో కంప్యూటర్లు చూస్తాను. రక్తపరీక్షల యంత్రాలు అమ్మిన సంస్థల ఇంజినీర్లు దూరం నుంచి కనెక్ట్ కావలసిన అవసరం మాకూ తరచుగా పడుతుంది. వారికి మేము పాస్‌వర్డ్ ఇవ్వము. వారు ఫోన్ చేయరు, మేమే వారి ఆఫీసు నంబరుకు చేస్తాం. పేరు చెప్పిన ఇంజినీరుకు యంత్రం పక్కన కూర్చున్న టెక్నీషియన్ యాక్సెప్ట్ నొక్కుతుంది. యాక్సెప్ట్ చేసే కిటికీలోనే ఫైల్ ట్రాన్స్‌ఫర్, క్లిప్‌బోర్డ్ వంటి అనుమతులను అవసరాన్ని బట్టి తీసేసి, స్క్రీను, మౌస్, కీబోర్డు వరకే ఉంచుతుంది. పని అయ్యేవరకు అక్కడి నుంచి లేవదు. రోగుల రిపోర్టులున్న కంప్యూటర్‌లోకైతే అసలు బయటివారికి ప్రవేశమే లేదు.

మీరు ఎనీడెస్క్‌నే కొనసాగించదలచుకుంటే మూడు చోట్ల చేయి పెట్టండి. సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో యాక్సెస్ కంట్రోల్ లిస్ట్ ఉంటుంది, అందులో మీరు రాసిన నంబర్లు తప్ప మరెవ్వరూ కనీసం రిక్వెస్ట్ కూడా పంపలేరు. మనిషి లేనప్పుడు వచ్చే ప్రవేశానికి టూ ఫ్యాక్టర్ పెట్టవచ్చు, అప్పుడు పాస్‌వర్డ్‌తోపాటు ఫోన్‌లోని ఆథెంటికేటర్ అంకె కూడా కావాలి. ఇక ట్యాలీ కంప్యూటర్ తప్ప మిగతావాటిలో మనిషి లేని ప్రవేశాన్ని పూర్తిగా ఆపేయండి. ఇంటి నుంచి పని చేసేవారికి ఇన్ని తలుపులు ఎందుకు?

పాత విండోస్ (మంగళవారం, రాత్రి 9.00)

3389 విషయంలో కాజీపేట గారు చెప్పింది ఒప్పుకుంటున్నాను. వీపీఎన్ లేకుండా వద్దు అన్న మాట నేను చేర్చి ఉండాల్సింది. అయినా ఒక సందేహం అలాగే ఉంది. వీపీఎన్ లోపల విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ అంత మంచిదైతే, పన్నుల ఆఫీసులన్నీ ఎనీడెస్క్‌నే ఎందుకు పట్టుకు వేలాడుతున్నాయి?

కాజీపేట నెట్‌వర్క్ (మంగళవారం, రాత్రి 9.40)

డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ల వల్ల (పైన చెప్పిన ఎనీడెస్క్ టోకెన్లు కావు, ఆన్‌లైన్ ఫారాల మీద సంతకం చేసే తాళం ఉండే చిన్న యూఎస్‌బీ పరికరాలు). ఈ వేదికలో ఉన్న ట్యాక్స్ ప్రాక్టీషనర్లకు ఇది తెలిసిన బాధే, మిగతావారి కోసం కొంచెం వివరంగా రాస్తాను.

విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌తో ఆఫీసు కంప్యూటర్‌లోకి వెళ్లినప్పుడు, ఆ సెషన్‌కు కనిపించే స్మార్ట్‌కార్డులు (ఈ టోకెన్లూ ఆ కోవలోవే) మీ ముందున్న ఇంటి కంప్యూటర్‌కు గుచ్చినవే. ఆఫీసు కంప్యూటర్‌కు గుచ్చిన యూఎస్‌బీ టోకెన్ దానికి కనిపించదు. అది లోపం కాదు, కావాలని చేసిన ఏర్పాటు: సంతకం చేసే మనిషి దగ్గరే టోకెన్ ఉండాలన్నది దాని ఉద్దేశం. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వంటివి మాత్రం ఆఫీసు కంప్యూటర్‌లో నడుస్తున్న తెరనే యథాతథంగా చూపిస్తాయి కాబట్టి, అక్కడ గుచ్చిన టోకెన్ ఇంటి నుంచి కూడా పనిచేస్తుంది. సంతకం చేయించే ఎమ్‌సైనర్ ప్రోగ్రాం కిటికీ వస్తుంది, పిన్ కొడతారు, ఫారం వెళ్లిపోతుంది. అందుకే మన ఆఫీసులు దాన్ని వదలలేకపోతున్నాయి.

నేను చాలా ఆఫీసుల్లో చూసే దృశ్యం ఇది: ఒక యూఎస్‌బీ హబ్బుకు వరుసగా గుచ్చిన టోకెన్లు, ఒక్కోదానికి మెడికల్ టేపు చుట్టి దాని మీద పెన్నుతో క్లయింటు పేరు, పిన్‌లన్నీ టేబుల్ సొరుగులోని ఒకే నోట్‌బుక్కులో. కొన్ని చోట్ల ఆ నోట్‌బుక్కు కూడా ఉండదు, డెస్క్‌టాప్ మీదే పిన్స్ అని ఎక్సెల్ ఫైలు ఉంటుంది. ఆ కంప్యూటర్‌లోకి రిమోట్‌గా వచ్చినవాడికి ఆ క్లయింట్లందరి సంతకాలూ చేతికందినట్టే. 2000 నాటి ఐటీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం సంతకపు తాళాన్ని తన అదుపులో ఉంచుకోవడానికి తగిన జాగ్రత్త తీసుకోవలసింది సర్టిఫికెట్ ఎవరి పేరున ఉందో వారే. అంటే రేపు ఎవరో దుర్వినియోగం చేస్తే, మన ఆఫీసు మీద నమ్మకంతో టోకెన్ ఇచ్చి వెళ్లిన అడ్తిదారు మెడకే ముందు చుట్టుకుంటుంది.

కాబట్టి నా అభిప్రాయం ఖచ్చితంగా చెబుతున్నాను: ట్యాలీ ఉన్న కంప్యూటర్, టోకెన్లు గుచ్చే కంప్యూటర్ ఒకటి కాకూడదు. ట్యాలీ పనికి వీపీఎన్ లోపల రిమోట్ డెస్క్‌టాప్ చక్కగా సరిపోతుంది. టోకెన్ల కంప్యూటర్‌కు రిమోట్ ప్రవేశమే ఉండకూడదు. సంతకం అవసరమైనప్పుడు బీరువా తెరిచి టోకెన్ తీసి, గుచ్చి, పని కాగానే మళ్లీ బీరువాలో పెట్టాలి. 20వ తేదీ రాత్రి ఇంటి నుంచి ఫైల్ చేయవలసి వస్తే ఈవీసీకి (టోకెన్ బదులు ఫోన్‌కు వచ్చే కోడ్) అవకాశం ఉన్నచోట ఓటీపీతో చేయవచ్చు. అది కుదరని వారి పని 19వ తేదీకే ముగించుకోవడం తప్ప నాకు వేరే మార్గం తోచడం లేదు.

నక్కలగుట్ట లెక్కలు (మంగళవారం, రాత్రి 10.10)

మీరు రాసిన టేపు చుట్టిన టోకెన్ల హబ్బు మా ఆఫీసును చూసి రాసినట్టే ఉంది. బీరువా సంగతి రేపే మొదలుపెడతాం. ఇంకో ప్రశ్న. ఇళ్ల నుంచి వచ్చేవారికి వేర్వేరు ప్రవేశాలు సరే, ఆఫీసులో అందరూ కూర్చునే కంప్యూటర్లలో అందరికీ ఒకటే విండోస్ లాగిన్ ఉంది. దాన్ని కూడా విడగొట్టాలా? కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దానంతట అదే డెస్క్‌టాప్ వరకు తెరుచుకునేలా ఆటో లాగిన్ కూడా పెట్టి ఉంది, లేకపోతే ఎండాకాలంలో ఇంటి నుంచి పని చేసేవారు మధ్యాహ్నాలు ఖాళీగా కూర్చోవాలి.

కరీంనగర్ ల్యాబ్ (మంగళవారం, రాత్రి 10.35)

తప్పకుండా విడగొట్టండి. ఒక్కొక్కరికి ఒక్కో స్టాండర్డ్ (పరిమిత అధికారాలున్న) అకౌంట్, అడ్మినిస్ట్రేటర్ మాత్రం ఒక్కరి దగ్గర. ఏ సీటులో కూర్చున్నా తమ పేరుతోనే లాగిన్ అవుతారు, లేచేటప్పుడు విండోస్ బటన్‌తోపాటు ఎల్ నొక్కి లాక్ చేస్తారు. అలవాటు అయ్యేవరకు సణుగుతారు, తర్వాత మానేస్తారు. రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్ అన్న గ్రూపులో ఇంటి నుంచి పని చేసేవారి పేర్లే ఉంచండి. అలా చేస్తే సెక్యూరిటీ లాగ్‌లో 4624 నంబరు (విజయవంతమైన లాగిన్) వరుస, లాగాన్ టైప్ 10 (రిమోట్ డెస్క్‌టాప్) అని కనిపించిన చోట అకౌంటు పేరు కూడా ఉంటుంది, ఎవరు ఎప్పుడు వచ్చారో ఒక్కొక్కరినీ అడగనవసరం లేదు.

ట్యాలీలో కూడా ఇదే పని చేయాలి. కంపెనీల ఖాతాలకు ఎడిట్ లాగ్ (ఏ మార్పు ఎవరు చేశారన్న నమోదు) తప్పనిసరి అని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన అమల్లో ఉంది కదా, ఆ లాగ్‌లో ప్రతి మార్పు పక్కన ఒకే అడ్మిన్ పేరు కనిపిస్తే ఆడిటర్‌కు దానితో ఏం ఉపయోగం?

ఆటో లాగిన్ వెంటనే తీసేయండి. కరెంటు సమస్యకు అది మందు కాదు. కంప్యూటర్ ఆన్ చేయగానే బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్) వెళితే, కరెంటు పోయి వచ్చాక ఏం చేయాలన్న సెట్టింగ్ ఒకటి ఉంటుంది, ఒక్కో మదర్‌బోర్డులో ఒక్కో పేరుతో. దాన్ని పవర్ ఆన్‌కు మార్చితే కంప్యూటర్ దానంతట అదే లేస్తుంది. రిమోట్ డెస్క్‌టాప్‌గానీ, ఇన్‌స్టాల్ చేసిన ఎనీడెస్క్‌గానీ సర్వీసుగా నడుస్తాయి కాబట్టి లాగిన్ తెర దగ్గరే మీ కోసం ఎదురుచూస్తాయి.

మంచిర్యాల కాలేజీ (బుధవారం, ఉదయం 9.25)

ఇంత చర్చలో ఒక విషయం జారిపోయింది. స్టాండర్డ్ అకౌంట్ ఇచ్చినంత మాత్రాన కొత్త రిమోట్ సాఫ్ట్‌వేర్ రాకుండా ఆగదు. ఎనీడెస్క్‌ను ఇన్‌స్టాల్ చేయకుండానే డౌన్‌లోడ్ చేసిన ఫైలు మీద రెండుసార్లు నొక్కి నడపవచ్చు. మా కాలేజీ ల్యాబ్‌లో విద్యార్థులు అలాగే చేసేవారు, అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరూ అడగలేదు. విండోస్‌లోని ఆప్‌లాకర్‌తో అనుమతి ఉన్న ప్రోగ్రాములే నడిచేలా కట్టడి చేశాక, రౌటర్‌లో ఆ సంస్థల సర్వర్ల పేర్లను అడ్డుకున్నాక గానీ తగ్గలేదు.

దీనికంటే పెద్ద ప్రమాదం ఫోన్. సాఫ్ట్‌వేర్ సపోర్ట్ నుంచి మాట్లాడుతున్నాం, మీ లైసెన్సు ఈ రోజుతో ముగుస్తోంది, తెర మీద కనిపించే నంబరు చదవండి అని ఎవరో అంటారు. కొత్తగా చేరిన పిల్లలు అంకెలు చదివేసి, యాక్సెప్ట్ కూడా నొక్కేస్తారు. ఎనీడెస్క్ పేరుతో యూపీఐ మోసాలు జరుగుతున్నాయని రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. అప్పటి హెచ్చరిక ఫోన్లలోని ఆప్ గురించే అయినా ఎత్తుగడ అదే. మా దగ్గర ఒకే నియమం: తనంతట తాను ఫోన్ చేసినవారికి ఎవరూ, ప్రిన్సిపాల్ గారితో సహా, తెర మీది నంబరు చదవకూడదు.

పాత విండోస్ (బుధవారం, ఉదయం 10.05)

ఎనీడెస్క్ ఉచిత వెర్షన్ వ్యక్తిగత అవసరాలకే తప్ప వ్యాపారానికి కాదన్న సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు. ఆఫీసులో వాడితే లైసెన్సు కొనాలి. డబ్బు పెట్టలేనివారు రస్ట్‌డెస్క్ చూడవచ్చు. ఓపెన్ సోర్స్, సర్వర్‌ను కూడా మన దగ్గరే పెట్టుకోవచ్చు. 21115 నుంచి 21119 వరకు పోర్టులు...

వేదిక నిర్వాహకురాలు (బుధవారం, ఉదయం 10.30)

రస్ట్‌డెస్క్ సర్వర్ ఏర్పాటు మీద విడిగా చర్చ తెరిచాను, పోర్టుల వివరాలు దయచేసి అక్కడ రాయండి. ఈ చర్చలో సంస్థల పేర్లు, ఎనీడెస్క్ నంబర్లు, లాగ్ ఫైళ్ల ఫోటోలు పెట్టవద్దని మరోసారి కోరుతున్నాను.

నక్కలగుట్ట లెక్కలు (బుధవారం, సాయంత్రం 7.20)

సర్వీసు సంస్థతో మాట్లాడాను. ఇకపై మేము పిలిచినప్పుడే, మా మనిషి యాక్సెప్ట్ నొక్కితేనే వస్తారని, వచ్చేముందు ఎవరు వస్తున్నారో పేరు చెబుతారని ఒప్పుకున్నారు. రాత ఇవ్వమంటే మొదట నసిగారు, వార్షిక సర్వీసు కాంట్రాక్టు రెన్యువల్ కాగితంలోనే ఆ షరతు రాయించాం. పని మానేసినవారి అకౌంట్లు అదే రోజు తీసేయాలని మా జీతాల రిజిస్టరులోనే ఒక గడి కలిపాం, ఆ గడి నిండకుండా చివరి జీతం చెక్కు మీద సంతకం పడదు. మరి నిజంగానే దుండగులు వచ్చి ఉంటే ఏం చేయవలసి ఉండేదో కూడా ఎవరైనా చెబితే రాసిపెట్టుకుంటాం.

కాజీపేట నెట్‌వర్క్ (బుధవారం, రాత్రి 8.00)

ముందు ఆ కంప్యూటర్ నెట్‌వర్క్ కేబుల్ పీకాలి, వైఫై ఆపాలి, కానీ స్విచ్ ఆఫ్ చేయకూడదు. డబ్బు పోయి ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చెబితే డబ్బును మధ్యలో నిలిపివేయడానికి అంత అవకాశం ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఇలాంటి చొరబాటును గమనించిన 6 గంటల్లో వారికి తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు దాచాలి. విండోస్ సెక్యూరిటీ లాగ్ నిండగానే పాత వరుసలను చెరిపేస్తుంది కాబట్టి దాని సైజు పెంచడమో, నెలకోసారి వేరే చోటికి తీసి పెట్టడమో చేయండి. ట్యాలీ బ్యాకప్ హార్డ్‌డిస్కును అదే కంప్యూటర్‌కు ఎప్పుడూ గుచ్చి ఉంచవద్దు, రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వస్తే ముందు దాన్నే తింటుంది.

జమ్మికుంట జిన్నింగ్ (గురువారం, ఉదయం 8.50)

చర్చ మొత్తం చదివాను, మా మిల్లుకూ పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి. మాకు ఉన్న ఇబ్బంది వేరు. వేబ్రిడ్జి కాటా కంప్యూటర్ ఇంకా విండోస్ 7 మీదే నడుస్తోంది, కాటా సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో పనిచేయదని అమ్మినవారు అంటున్నారు. యజమాని ఇంటి నుంచి లారీల తూకాలు చూసుకోవడానికి దానిలో టీమ్‌వ్యూయర్ పెట్టించారు. గుమాస్తాలందరికీ ఒకే పాస్‌వర్డ్. కాజీపేట అన్నా, దీనికి మార్గం ఏమిటి?

కాజీపేట నెట్‌వర్క్ (గురువారం, ఉదయం 9.30)

మీరు వర్ణించిన ఏర్పాటే 2021 ఫిబ్రవరిలో అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని ఓల్డ్స్‌మార్ అనే చిన్న పట్టణపు నీటి శుద్ధి కేంద్రంలో ఉండేది: విండోస్ 7, టీమ్‌వ్యూయర్, అన్ని కంప్యూటర్లకూ ఒకే రిమోట్ పాస్‌వర్డ్. ఒక రోజు మౌస్ దానంతట అదే కదిలి, నీటిలో కలిపే సోడియం హైడ్రాక్సైడ్ మోతాదు 100 పీపీఎం నుంచి 11,100 పీపీఎంకు పెరిగింది. డ్యూటీలో ఉన్న ఉద్యోగి చూసి వెంటనే తగ్గించాడు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. బయటి దుండగుల పని అని ముందు ప్రపంచమంతా అనుకుంది, తర్వాత అది లోపలి ఉద్యోగి పొరపాటే కావచ్చన్న మాట కూడా వచ్చింది. నక్కలగుట్ట గారి శనివారం కథలో ఉన్న చిక్కే అక్కడా ఉంది.

విండోస్ 7కు సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి, కాబట్టి ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీసేయండి. తూకం కాటా నుంచి సీరియల్ కేబుల్ మీద వస్తుంది, దానికి ఇంటర్నెట్‌తో పని లేదు. యజమానికి కావలసింది తూకాలు చూడటమే తప్ప కాటాను నడపడం కాదు కదా, కాబట్టి తూకాల రిపోర్టు గంటకోసారి ఆఫీసులోని కొత్త కంప్యూటర్‌లోని ఒక ఫోల్డర్‌లోకి కాపీ అయ్యేలా పెట్టండి, ఆయన వీపీఎన్‌తో ఆ ఫోల్డర్ మాత్రమే తెరిచి చూస్తారు. ఆ కొత్త కంప్యూటర్‌తో తప్ప కాటా కంప్యూటర్ మరి దేనితోనూ మాట్లాడకుండా నెట్‌వర్క్ స్విచ్‌లో విడదీయాలి. మీ స్విచ్ మోడల్ నంబరు రాస్తే ఎలా చేయాలో చెబుతాను.

జమ్మికుంట జిన్నింగ్ (గురువారం, ఉదయం 9.55)

కాటా గది తాళం మధ్యాహ్నం షిఫ్టువాళ్ల దగ్గర ఉంది. వాళ్లు రాగానే స్విచ్ వెనక చూసి మోడల్ నంబరు పంపుతాను. ఈలోపు టీమ్‌వ్యూయర్ లాగిన్ల ఫైలు కాపీ చేసి పెట్టమని గుమాస్తాకు చెప్పాను.